డేరాలో ఇనప పొయ్యి

అరకులోయలో వేటకని వేసిన డేరాలో పోలినాయుడు కళ్ళు తెరిచేసరికి బాగా పొద్దెక్కిపోయింది. తుపాకి అందుకుని బయటికి పరిగెత్తాడు. అడవిలో దారి చూపే సుక్రు మంచులో వణుకుతూ నిలబడి ఉన్నాడు.

“దుప్పులేవిరా?”

“తెల్లారగానే వాగు దాటెల్లిపోనాయి దొరా.”

“మరి నన్ను లేపలేదేటి?”

సుక్రు నసిగాడు. “అమ్మగోరు లేపొద్దన్నారు.”

నాయుడు విసురుగా లోపలికొచ్చాడు. భార్య సూరమ్మ ఇనప పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తోంది.

“తెల్లదొర సామాను వేలంలో సిన్న పొయ్యి సాలన్నాను. పెద్దదే కావాలని పట్టుబట్టినావు. సలికనుకున్నాను!”

“సలికే. ఎచ్చగా ఉంటే మీరు బేగి లెగరని కూడాను.” సూరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. “కిందటేడు పంది పొడిసేస్తే మిమ్మల్ని డోలీలో మోసుకొచ్చినారు. ఆ రగతం కడిగింది నేను.”

ఏడాదిగా ఆమె ఆ సంగతి ఒక్కసారైనా ఎత్తలేదు. నాయుడు తుపాకి పక్కన పెట్టి, ఆమె దగ్గరగా చతికిలబడ్డాడు.

“సుక్రూ, లోపలికొచ్చి సలి కాసుకో” అని కేకేశాడు. అతను రాగానే మీసం దువ్వుకుని గట్టిగా గదమాయించాడు.

“రేపుగానీ నన్ను లేపినావో, సూడు మరి!”