నాగజ్యోతి ఈల

కమలాపురం పొలిమేరలో, చీనీ బత్తాయి చెట్ల మధ్య, ఓబుళేశు ఫోనును చెవికి అదిమిపెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఎండలో చెట్లు వాడుతున్నా బోరు మోటారు ఆపేశాడు. దాని మోతలో సముద్రం సరిగా వినిపించదు.

కూతురు నాగజ్యోతి కాకినాడ దగ్గర సముద్రంలో డాల్ఫిన్ల ఈలల మీద పరిశోధన చేస్తోంది. నిన్న పొద్దున్నే పడవలో పోయింది. ఆమె, పడవ నడిపే మనిషి, అంతే. మధ్యాహ్నం పెద్ద గాలి లేచింది. పడవ తిరిగి రాలేదు. ఆమె ఫోను మోగడం లేదు.

పనిచేస్తున్నదల్లా మైకు ఒక్కటే. డాల్ఫిన్ల చప్పుళ్లు పట్టడానికి ఆమె పెట్టిన మైకు. అది పట్టిన శబ్దం అప్పటికప్పుడు ఎక్కడి ఫోనులోనైనా వినొచ్చు. ఎండాకాలంలో ఇంటికి వచ్చినప్పుడు తండ్రి ఫోనులో కూడా ఆ ఏర్పాటు చేసిపోయింది.

"ఒక్కో డాల్ఫినుకు ఒక్కో ఈల ఉంటాది నాయనా. అది దాని పేరు మాదిరి," అని చెప్పింది అప్పుడు.

"అట్లయితే మనింట్లో గూడా ఒక డాల్ఫిను ఉండాది. దాని ఈల ఊరంతా ఎరుగుదురు," అని మూతి తిప్పింది తల్లి కృష్ణవేణమ్మ.

నిజమే మరి. పొద్దుతిరుగుడు చేలో చిలకలను తోలే వయసు నుంచీ ఆ పిల్లకు ఒక ఈల ఉంది. రెండుసార్లు పొడవుగా లాగి, చివర చిన్న మెలిక. ఆడపిల్ల ఈల వేస్తే ఇంటికి అరిష్టమని కృష్ణవేణమ్మ గరిటె పట్టుకుని వెంటపడేది. ఆ పిల్ల చేనంతా పరుగెత్తుతూ మళ్లీ అదే వేసేది. ఇప్పుడు రోజూ పడవ అంచున వంగి అదే వేస్తుందట. డాల్ఫిన్లు చుట్టూ మూగుతాయట.

"ఏమన్నా ఇనబడతాండాదా?" గట్టు మీద నుంచి అరిచింది కృష్ణవేణమ్మ.

"బొరుగులు ఏయించినట్టు చిటపటలు. అంతే."

"మనిషి గొంతు?"

"ల్యాదు."

"నీకు చెవులుంటే గదా! ఈడియ్యి."

ఫోను లాక్కుంది. ఒక చోట నిలబడలేక ఆమె కూడా నడవడం మొదలుపెట్టింది. "సముద్రం వద్దు, బ్యాంకు పరీచ్చ రాయమని నెత్తీ నోరూ కొట్టుకుంటి. నువ్వే గదయ్యా, పోనీలే పాప ఇష్టం అంటివి."

"ఊరకుండు మే. ఇప్పుడా ఆ మాటలు?"

"మరెప్పుడు? మనకేడన్నా సముద్రం..."

మాట సగంలో తెగింది.

రెండుసార్లు పొడవుగా. చివర మెలిక.

"పాప!" అంది కృష్ణవేణమ్మ. మళ్లీ అరిచింది. "మన పాపేనయ్యా! ఈలేస్తాండాది!"

ఓబుళేశు చెవి ఆనించాడు. మళ్లీ వచ్చింది. ఇంకా దగ్గరగా. అనుమానం లేదు. ఆ మెలిక ఇంకెవరికీ రాదు.

కృష్ణవేణమ్మ చెట్ల పాదులోనే కూలబడింది. ఏడుస్తూ నవ్వుతూ చెంపలు వాయించుకుంది. "అరిష్టమంటి గదమ్మా, నా నోరు పడిపోనూ! ఏసుకో తల్లీ, నీ ఇష్టమొచ్చినంత ఏసుకో."

ఓబుళేశు మాత్రం కుదురుగా లేడు. ఇంజను చెడిపోయి పడవ నిలిచిపోయుంటుంది. ఫోనులో చార్జింగు అయిపోయుంటుంది. పిల్ల అన్నం తిని ఎంతసేపయిందో. వేళ్లు తడబడుతుంటే నాగజ్యోతితో పనిచేసే యేసుప్రసాద్‌కు ఫోను కలిపాడు. అతడు నిన్నటి నుంచీ ఇంకో పడవలో వెతుకుతున్నాడు.

"ఏమప్పా యేసుప్రసాదూ! మీరు సముద్రమంతా తిరగబన్లేదు. పాప బతికుండాది. మైకు కాడనే ఈలేస్తాండాది. మైకును పడవకు కట్టుకోని ఉంటాది గదా, అది యాడుంటే ఆడికి పోండప్పా, శానా తొందరగా పోండి."

అవతల పడవ ఇంజను ఆగింది. నీళ్లు పడవను తడుతున్న చప్పుడు.

"మేము ఇప్పుడు ఆ మైకు దగ్గరే ఉన్నామండీ," అన్నాడు యేసుప్రసాద్.

"పాప ఉండాదా? ఫోనియ్యప్పా దానికి!"

"ఏమన్నా తిన్నాదేమో అడుగయ్యా," కృష్ణవేణమ్మ మొగుడి చొక్కా పట్టుకుని లాగుతోంది. "ముందు అది అడుగు."

యేసుప్రసాద్ నెమ్మదిగా అన్నాడు.

"ఇక్కడ పడవ లేదండీ, మైకు పడవలో ఉండదు, నీళ్ల లోపల ఉంటుంది, ఆ ఈల వేస్తున్నవి డాల్ఫిన్లు, నిన్నటి నుంచీ మేడమ్‌ని పేరు పెట్టి పిలుస్తున్నాయి."