పసుపు పాఠం

"ఉడికిన కొమ్ముల పుల్ల గుచ్చితే సర్రున దిగాలె," అంది రాజలక్ష్మి, పసుపుకొమ్మును పైకెత్తి చూపిస్తూ.

ఊరి పనులు ఊరివాళ్ళే బడిలో చెబితే బాగుంటుందని అఖిల టీచర్ ఆమెను అయిదో తరగతికి పిలిచింది.

వెనక బెంచీలోంచి నవనీత లేచింది. "పెద్దమ్మా, పెద్దబాపు దుబాయిల సచ్చిపోతే పెట్టెల ఎట్ల తెప్పిచ్చినవ్? మా బాపు గూడ గాడనే ఉన్నడు."

"కూర్చో" అనబోయి టీచర్ ఆగిపోయింది.

రాజలక్ష్మి గొంతు మారలేదు. పసుపు సంగతి చెప్పినట్టే చెప్పింది.

"మొదలు ఆయన రూంల ఉండేటోళ్ళకు ఫోన్ చెయ్యాలె. ఏడ్వద్దు బిడ్డా, ఏడిస్తే వాళ్ళు చెప్పేది ఇనరాదు. పాస్‌పోర్టు జిరాక్సు ఇంట్ల ఉండాలె. అది లేకనే నాకు శాన దినాలు పట్టింది."

పిల్లలు రాసుకుంటున్నారు. ఏడ్వద్దు అన్నది కూడా రాసుకున్నారు.

"అక్కా, గా జిరాక్సు ఇంట్ల ఎక్కడ పెట్టాలె?"

అడిగింది టీచర్. రోజూ కోరుట్ల బస్సులో వచ్చిపోయే ఆమె ఇంటి సంగతి రాజలక్ష్మి ఎన్నడూ అడగలేదు.

"మీ సారు గూడ గాడనేనా, టీచరమ్మా?"

అఖిల తలూపింది.

"బియ్యం డబ్బల పెట్టుండ్రి. దినాం చెయ్యి తగుల్తది," అని రాజలక్ష్మి మళ్ళీ పసుపుకొమ్ము అందుకుంది.