పాపకి తగ్గిందా?

పిల్లల ఐసీయూ బయట బెంచీ మీద కూచుని పుస్తకం చదువుకుంటున్న ఒకావిడ ఫక్కున నవ్వింది.

పక్కనే ఉన్న దర్జీ అమ్మాయికి ఒళ్లు మండిపోయింది. అద్దాల తలుపు వెనక తన చిన్నారి కూతురు జ్వరంతో కాలిపోతోంది.

"ఇక్కడ కూచుని నవ్వెలా వస్తోందండీ మీకు?"

ఆవిడ గబుక్కున పుస్తకం మూసేసింది. తల నెరిసిన మనిషి.

"తప్పయిపోయిందమ్మా. పై అంతస్తులో మా ఆయనకి ఆపరేషన్. భయం మర్చిపోదామని ఇక్కడికొచ్చి చదువుతున్నాను." మాటలో ఏదో పరాయి యాస.

"అంత నవ్వొచ్చే సంగతేముంది అందులో?"

"ఒకాయన తన గాడిదకి కళ్లజోడు చేయించడానికి బయల్దేరాడు."

"గాడిదకా?"

"అది రోజూ పక్కింటికి వెళ్లిపోతోందిట మరి. చూపు తగ్గిందనుకున్నాడు పాపం."

నవ్వకూడదనుకుంటూనే దర్జీ నవ్వేసింది.

ఆ పుస్తకంలో ఒక్కో కథా ఒక్కో భాషదట. రోజూ సాయంత్రం ఆవిడ ఒకటి చదువుకుని, ఈమెకి అర్థమయ్యేలా చెప్పేది. మంచుకొండల్లో గొర్రెలు కాసే ముసలమ్మ, ఓడలో వంటవాడు, ఎడారిలో పోస్ట్‌మ్యాన్. పేర్లకి నోరు తిరగదు గానీ, మనుషులు మాత్రం అచ్చం పక్కింటివాళ్లే.

"ఎక్కడెక్కడి వాళ్లో! అందరూ మనలాగే ఏడుస్తారే!" అని దర్జీ నోరెళ్లబెట్టేది.

పాపకి బాగా ఎక్కువైన రోజున, ఏమీ చెప్పలేనన్నాడు డాక్టరు. దర్జీ బెంచీ మీద కూలబడింది.

"ఏదో ఒక కథ చెప్పండి. పిచ్చెక్కేలా ఉంది నాకు." పుస్తకం లాక్కుని పేజీలు తిప్పింది. ఒకచోట చిన్నపిల్ల బొమ్మ ఉంది. "ఇదిగో, ఇది."

"అది వద్దమ్మా."

"అదే కావాలి."

ఆవిడ చాలాసేపు ఆ బొమ్మ వంకే చూసింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. ఒక పాపకి జ్వరం. తల్లి పాప నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూచుంది. పాప చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. తెల్లవారుతోంది...

ఆగిపోయింది.

"చెప్పండి! పాపకి తగ్గిందా?"

ఆవిడ పుస్తకం మూసేసింది. "తగ్గింది. కళ్లు తెరిచి, ఆకలేస్తోందమ్మా అంది."

దర్జీ ఆవిడ ఒళ్లో తల పెట్టి భోరుమంది. ఆ ఒక్క మాట పట్టుకునే ఆ గండం దాటింది.

పాప కోలుకుంది. ఇల్లు చేరే హడావిడిలో ఆవిడ పేరైనా అడగలేదు.

ఏళ్లు గడిచాయి. ఏ భాష కథలు అనువాదమై వచ్చినా దర్జీ ఇంట్లో ఉండాల్సిందే. తను మిషను మీద కుడుతుంటే కూతురు చదివి వినిపిస్తుంది. అలా ఒక కొత్త పుస్తకంలో గాడిద ఎదురైంది.

"ఆ పుస్తకమేనే ఇది! పాప బొమ్మ ఉందా? ముందు అది చదువు."

కూతురు చివరిదాకా చదివింది. "...తెల్లవారింది. పాప చెయ్యి చల్లబడిపోయింది. తల్లి మాత్రం ఆ చెయ్యి వదల్లేదు."

మిషను ఆగింది.

"అలా కాదే. ఆకలేస్తోందంటూ లేస్తుంది. సరిగ్గా చూడు."

"అయిపోయిందమ్మా. ఇంతే ఉంది."

"అయితే ఆవిడ నాతో అబద్ధం చెప్పిందా?"

కూతురు పేజీ తిప్పింది. కథ రాసినామె ఫొటో ఉంది. దర్జీ లేచొచ్చి, ఆ నెరిసిన తలని వేలితో తాకింది.

"ఈవిడే... ఆసుపత్రిలో నాకు కథ చెప్పింది ఈవిడే."

ఫొటో కింది మాటలు కూతురు ఒక్కొక్కటిగా చదివింది.

"రచయిత్రి కిందటేడు కన్నుమూశారు. తన ఒక్కగానొక్క కూతురు జ్వరంతో పోయాక రాసిన కథ ఇది. ముగింపు మార్చమని ఎందరు బతిమాలినా, బతికున్నన్నాళ్లూ ఆమె ఎవరి కోసమూ ఒక్క మాట మార్చలేదు."