పాత పడవకు కొత్త సీట్లు

"మా ఆయన సీట్లో స్పాంజి పెట్టు అన్నయ్యా," అంది ఇమెల్దా.

నెవియో చేతిలో కత్తెర ఆగింది.

బల్ల మీద రెండు సీట్లు ఉన్నాయి. ఆమె భర్త దొరియానో మోటారు పడవవి. పడవకి అరవై ఆరేళ్ళు. దాని మహాగని చెక్క ఇప్పటికీ అద్దంలా మెరుస్తుంది. సీట్లే ఎండకీ వానకీ చివికిపోయాయి. తెల్లతోలు పెచ్చులు లేచింది. కుట్లు తెగి లోపలి బూరుగుదూది బయటికి తొంగిచూస్తోంది. ఆ దూది నింపింది నెవియో తండ్రే.

"స్పాంజి నీళ్ళు తాగుతుంది చెల్లెమ్మా," అన్నాడు నెవియో. "బూరుగుదూది తేలుతుంది. మా నాన్న రోజుల్లో సీటంటే కూర్చోడానికే కాదు. పడవకేమైనా అయితే ఊడబీకి గుండెలకి కరుచుకునేవాళ్ళు. ఎవరో ఒకరు వచ్చేదాకా మనిషిని నీళ్ళమీద నిలబెట్టేది. మీ పడవలో లైఫ్ జాకెట్లు కూడా లేవాయె."

"అవి ఉంటే పడవ అందం చెడుతుందని నీ స్నేహితుడే పెట్టనివ్వలేదు. ఆయన నడుంనొప్పికి మెత్తగా ఉండాలి. అంతే."

"వాడికి ఈత రాదు."

"నాకు మాత్రం వచ్చా?" ఇమెల్దా నవ్వింది. "అయినా అంత నోరున్న మొసలికి ఈత రాకపోవడం వింతే."

నెవియో కత్తెర బల్ల మీద పెట్టాడు.

వచ్చే ఆదివారానికి వాళ్ళ పెళ్ళయి నలభై ఏళ్ళు. ఇక్కడి ఆచారం ప్రకారం ఆ రోజు దంపతులిద్దరే పడవలో సరస్సు నడుమకి వెళ్ళాలి. ఇంజను ఆపేసి, పన్నెండింటికి దీవి మీది చర్చి గంట వినాలి. అది మోగినంతసేపూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవాలి. ఆ చుట్టుపక్కలకి వేరే పడవ రాకూడదు.

"పడవ అడుగున నీళ్ళు వదిలే బిరడా ఉంటుందే," ఇమెల్దా గోళ్ళు చూసుకుంటూ అడిగింది. "అది చేత్తో ఊడుతుందా, పానా కావాలా?"

నెవియో ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె కళ్ళు దించుకోలేదు.

"చేత్తోనే ఊడుతుంది," అన్నాడు మెల్లగా.

"నలభై ఏళ్ళు అన్నయ్యా! పెళ్ళయిన మూడోరోజు పొలెంతా జావలో ఉప్పు తగ్గిందని గిన్నెతో సహా కిటికీలోంచి విసిరేశాడు. నిన్న ఇస్త్రీపెట్టె విసిరాడు. మధ్యలో ఏమేం విసిరాడో అడక్కు."

"వదిలేసి పోవచ్చు కదమ్మా."

"నేనెందుకు పోవాలి? ఇల్లు మా నాన్న కట్టించింది." ఆమె లేచి చేతిసంచీ అందుకుంది. "ఆయనతో అనకు. ఇక నా సీటు సంగతి నీకు వేరే చెప్పక్కర్లేదుగా?"

"అక్కర్లేదు. తెలుసు."

ఒకరి మాట ఇంకొకరి చెవిన వేసే మనిషి కాదు నెవియో. సీట్లు కుట్టేవాడికి చేతులుండాలి గాని నోరుండకూడదనేవాడు అతని తండ్రి. అడిగిన రంగు వెయ్యాలి. అడిగిన దారంతో కుట్టాలి. ఎందుకని అడగకూడదు. ఆ పద్ధతి మీదే దుకాణం రెండు తరాలు నిలబడింది.

కానీ ఇది రంగూ కాదు, దారమూ కాదు.

సాయంత్రం ఊళ్ళోని చర్చికి వెళ్ళాడు. మరియమ్మ తల్లి ముందు రెండు కొవ్వొత్తులు వెలిగించి మోకరిల్లాడు.

"అమ్మా, వాడూ నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. నేను కుట్టేది సీట్లే. పాపం తలపెట్టింది నేను కాదు. అయినా అది నా చేతులకి అంటుతుందా?"

తలెత్తి ఆ తల్లి ముఖంలోకి చూశాడు. ఆమె మౌనం దయో కోపమో అతనికి ఏనాడూ అంతుపట్టలేదు.

ఇంటికొచ్చి, తండ్రి మిగిల్చిపోయిన బూరుగుదూది మూటని అటక మీంచి దించాడు. విప్పాడు. చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. మళ్ళీ ముడివేసి అటక మీద పెట్టేశాడు.

ఆదివారం దొరియానో తనే సీట్లు బిగించుకున్నాడు. కొత్త తోలు ఎండలో పాలమీగడలా మెరిసింది.

"ఏరా, పడవని పెళ్ళికూతుర్ని చేశావురా! మీ నాన్న చూస్తే శభాష్ అనేవాడు. బతికుండగా నిన్ను ఒక్కసారీ అనలేదనుకో."

"దొరియానో..." అన్నాడు నెవియో.

"ఏంట్రా?"

ఇమెల్దా చూపు నెవియో మీదే ఉంది.

"ఏం లేదు. జాగ్రత్తగా నడుపు."

"ముసలమ్మలా నసక్కు." దొరియానో వంగి భార్య సీటుని అరచేత్తో ఒత్తిచూసి నెవియోకి కన్నుగీటాడు. "రా మహారాణీ, కూర్చో. నీ నడుం కందకుండా కుట్టాడు."

"ముందు మీరు కూర్చోండి," అంది ఇమెల్దా. "నడుంనొప్పి మీదేగా."

గట్టు మీద జనం బియ్యం చల్లి చప్పట్లు కొట్టారు. పడవ తెల్లటి నురగ గీసుకుంటూ వెళ్ళింది. పోనుపోను వేలెడంత అయింది. ఆపైన చుక్కంత అయింది. ఇంజను చప్పుడు ఆగింది.

పన్నెండైంది. దీవి మీద గంట మోగింది.

నెవియో టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. గంట ఆగింది. ఇంజను చప్పుడు మాత్రం మళ్ళీ వినపడలేదు.

నీళ్ళమీదుగా దూరంనుంచి మగగొంతు కేక ఒకటి వచ్చింది. ఆ వెంటనే ఆడగొంతు కూడా కేకవేసింది.

ఇమెల్దా కంటే రెండు రోజుల ముందే దుకాణానికి వచ్చి, తన భార్య సీట్లో స్పాంజి పెట్టమని దొరియానో గుసగుసగా చెప్పిపోయిన మాటని కూడా నెవియో జవదాటలేదు.