కుడివైపు నడిచిన సింహం

“సింహం ఎటు నడుస్తోందో చూడండి మాస్టారూ,” అంటూ వెండిపని చేసే నవాబ్ భూతద్దాన్ని సూర్యప్రకాష్ చేతికిచ్చాడు.

వెండి జగ్గు అడుగున మూడు చిన్న ముద్రలున్నాయి. ఒక సింహం, ఒక లంగరు, ఒక ఇంగ్లీషు అక్షరం.

“కుడివైపుకి.”

“అదీ సంగతి. లంగరంటే ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ ఊరి గుర్తు. సింహమంటే మేలి వెండి. కానీ దొరల సింహం ఎడమవైపుకి నడవాలి. అంటే ఇది నకలు. ఇంతకీ మీకెలా వచ్చిందిది?”

“బందరులో ఎవరో దొర సామాన్లు వేలం వేస్తుంటే మా తాతగారు కొన్నారు. కంకిపాడులో మా ఇంట్లో దీంతోనే మజ్జిగ వడ్డించేవాళ్లు.”

“పాలజగ్గండీ ఇది! పాపం, మజ్జిగ మోసిందన్నమాట.”

సూర్యప్రకాష్ నవ్వలేదు. తల్లి సుబ్బరత్నం పోయి రెండు వారాలైనా కాలేదు. నిన్న కంకిపాడులో పెద్దకర్మ జరుగుతుంటే గేటు బయటే నిలబడిపోయిన తెరేసమ్మ అతని కళ్ల ముందు నుంచి కదలడం లేదు.

ఇరవై రెండేళ్ల క్రితం, దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు, అతను ఇంటర్ చదివే రోజుల్లో ఆమె వాళ్లింట్లో అంట్లు తోమేది. జగ్గు కనిపించకుండా పోయింది. పది రోజుల తర్వాత బియ్యం డబ్బాలో దొరికింది. “భయపడి తెచ్చి పడేసింది దొంగమొహంది,” అని సుబ్బరత్నం ఆమెను పని మాన్పించింది. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఆమెను వంటింటి గడప తొక్కనివ్వలేదు.

“అమ్మగారు వెళ్లిపోయారు. ఆ మాట మాత్రం నా నెత్తినే వదిలేసి పోయారు. నేను తియ్యలేదని మీరన్నా నమ్ముతారా బాబూ?” అని నిన్న అడిగింది తెరేసమ్మ.

అతను తెల్లారగానే జగ్గును సంచిలో పెట్టుకుని విజయవాడ బస్సెక్కాడు. రెండు కొట్లవాళ్లు తిప్పితిప్పి చూసి, ముద్రల సంగతి వన్‌టౌన్‌లో నవాబ్‌కే తెలుస్తుందని ఇక్కడికి పంపారు.

“మరి చేసిందెవరు?” అన్నాడు సూర్యప్రకాష్.

“ముద్ర చెక్కేటప్పుడు బొమ్మని తిరగేసి చెక్కాలి మాస్టారూ. చూసింది చూసినట్టు చెక్కితే వెండి మీద ఇలా తిరగబడుతుంది. ఈ పొరపాటు చేసింది మా అబ్బాజానే. పక్కన కూర్చుని నవ్వాను. అంత వయసొచ్చినవాణ్ణి, నెత్తిన ఒక్కటిచ్చాడు.”

“చేయించిందెవరు?”

“పేరు గుర్తులేదు. మీ కంకిపాడు నుంచే వచ్చిందావిడ. రోజూ తోమిన చెయ్యి కదా, జగ్గునీ దాని మూడు ముద్రల్నీ కాగితం మీద గీసి మరీ చూపించింది. ఇంటివాళ్లు పోలీసులకి చెబుతామన్నారట. వస్తువు కనిపిస్తే ఊరుకుంటారని ఆవిడ ఆశ. కాళ్ల కడియాలు రెండూ కరిగించాం. చాలకపోతే చెవి కమ్మలు తీసిచ్చింది.”

లోపలి నుంచి నవాబ్ భార్య జహీదా కేకేసింది. “ఆ సింహం ఎక్కడికీ పారిపోదుగానీ, ముందు ఆయన్ని టీ తాగనివ్వండి!”

సూర్యప్రకాష్ గ్లాసు ముట్టుకోలేదు.

“ఈ మాట మా ఊళ్లో నలుగురి ముందూ చెబుతారా నవాబ్ గారూ? ఆవిడ ఇంకా బతికే ఉంది.”

“ఎందుకు చెప్పను? రేపే వస్తాను.” నవాబ్ జగ్గును మెత్తటి గుడ్డతో తుడిచి అతని ముందుకు జరిపాడు. “ఒక్కటే అర్థం కావట్లేదు. నకలని తెలిస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు. మీరు కాస్తయినా తొణకలేదు. ఇన్నేళ్లు వాడిన మీ ఇంట్లోవాళ్లే పోల్చుకోలేదే, ఇది అసలుది కాదని మీకెలా తెలుసు?”

సూర్యప్రకాష్ జగ్గును చేతిలోకి తీసుకున్నాడు.

“అసలుది అమ్ముకున్నది నేనే.”