పక్కన చోటు

“ఆ ఇంటికి మనమేమన్నా ఓటేశామా?” అన్నాడు సాయికిరణ్, మైకు అక్కర్లేనంత గట్టిగా. “రాజ్యాలు పోయినాయి. ఇంకా ఈ దివాణం మర్యాదలేంది? పుట్టుకతో జబ్బు రావచ్చు, గౌరవం ఎట్టా వచ్చిద్ది?”

కుర్రకారు ఈలలు వేసింది. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా కింద ఊరంతా చేరింది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ళను ఏలిన కుటుంబాన్ని వాళ్ళు ఇప్పటికీ దివాణం అనే అంటారు. ఏటా శివరాత్రికి బండి మీద ఎత్తుగా కట్టిన ఊరి ప్రభ కోటప్పకొండకు కదలాలంటే, దివాణం మనిషి తొలి కొబ్బరికాయ కొట్టాలి. అప్పటిదాకా అందరూ చేతులు కట్టుకుని నిలబడాలి. ఈ ఏడు నుంచి ఆ మర్యాద ఆపేయాలని నరసరావుపేట కోర్టులో జూనియర్ లాయరుగా చేస్తున్న సాయికిరణ్ పట్టుబట్టాడు. మాజీ సర్పంచి పుల్లారావు ససేమిరా అన్నాడు. వాదన అంటే మనవాళ్ళకు అన్నం కూడా గుర్తు రాదు కాబట్టి ఒక్కరూ ఇంటికి పోలేదు.

శేషాద్రి ఒక చివర కూర్చున్నాడు. చోటు చాలక జనం ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నంత ఇరుగ్గా ఉన్నారు. ఆయన చుట్టూ మాత్రం రెండు మంచాలు వేసుకునేంత ఖాళీ ఉంది.

అది ఆయనకు కొత్త కాదు. చిన్నప్పుడు బడిలో పంతులు ఆయన్ను మిగతా పిల్లలతో కాకుండా విడిగా కూర్చోబెట్టేవాడు. మౌలాలీ టీకొట్టులో ఆయనకు వేరే గ్లాసుంది, దాన్ని ఇంకెవరూ ముట్టరు. ఆయన వస్తే బల్ల మీద వాళ్ళు లేచిపోతారు. వీధిలో ఆడుకునే పిల్లలు ఆయనకు అడ్డం వస్తే తల్లులు రెక్క పట్టుకుని ఇవతలికి లాగేస్తారు. తల్లి పోయాక ఆయన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి ఆ ఊళ్ళో లేడు. భార్య కూడా పోయాక రేడియోతో మాట్లాడటం అలవాటైంది.

నిరుడు నరసరావుపేటలో బస్సెక్కితే ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ “ఏందయ్యా, కాస్త జరుగు” అని మోచేత్తో పొడిచి పక్కన కూలబడింది. సత్తెనపల్లి దాకా ఉల్లిపాయల ధరను తిడుతూనే ఉంది. ఆ ప్రయాణాన్ని ఆయన ఇప్పటికీ తలుచుకుంటాడు. అంత చిన్న సుఖానికి కూడా మొహం వాచిన మనిషిని చూస్తే జాలేస్తుంది.

ఈ ఒక్క మర్యాద పోతే మిగతా ఎక్కువ తక్కువలు కూడా ఒక్కొక్కటే పోతాయనీ, తను కూడా పదిమందిలో కూర్చోవచ్చనీ ఆయన ఆశ. అందుకే జ్వరం తగ్గకపోయినా వచ్చాడు.

“కరువొచ్చినప్పుడు గాదెలు తెరిచింది ఎవుర్రా?” అని పుల్లారావు లేచాడు. “దివాణం కాదూ?”

“ఆ గాదెల్లో గింజలు పండిచ్చింది ఎవురు పెదనాన్నా? మన ముత్తాతలు కాదూ?”

“నువ్వు కోర్టులో మాట్లాడే మాటలు ఇక్కడ మాట్లాడబాక.”

దేవమ్మ జనంలోంచి గొంతు పెంచింది. “మా మామ ఆ గుమ్మం ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. ఎండాకాలం కాళ్ళు బొబ్బలెక్కేయి. అది కూడా మర్యాదేనా?”

“దేవమ్మ చెప్పింది నిజం” అన్నాడు శేషాద్రి, లేచి నిలబడి.

దేవమ్మ బిత్తరపోయి, తల మీదికి కొంగు లాక్కుని కూర్చుంది.

“దివాణంలో పుట్టడం ఏ మనిషి గొప్పా కాదు” అన్నాడాయన. “ఈ మర్యాదతో మీరు బాగుపడిందీ లేదు, ఆ ఇంటోళ్ళు బాగుపడిందీ లేదు. పుట్టుక చూసి ఒక మనిషిని దూరంగా కూర్చోబెడితే వాడు ఎట్టా బతకాలో ఎప్పుడన్నా ఆలోచించారా? ఆపేయండి. మీ అందరి పక్కన ఇంత చోటుంటే నాకు చాలు.”

ఎవరూ ఆయన కళ్ళలోకి చూడలేదు.

“మీరు అట్టా అనబాకండి” అన్నాడు పుల్లారావు బొంగురుగా. సాయికిరణ్ నేల చూపులు చూశాడు. అప్పటిదాకా సాయికిరణ్‌దే పైచేయి. శేషాద్రి వచ్చి వత్తాసు పలకడమే అతని కొంప ముంచింది.

“మర్యాద ఆపాలనేవాళ్ళు చేతులెత్తండి” అన్నాడు సర్పంచి వెంకటేశ్వర్లు.

శేషాద్రి చెయ్యెత్తాడు. సాయికిరణ్ చెయ్యి సగం లేచి, ఆగి, కిందికి దిగింది. ఈలలు వేసిన కుర్రాళ్ళు చేతులు జేబుల్లో పెట్టుకున్నారు. ఊరంతటిలో ఆ ఒక్క చెయ్యే మిగిలింది. నొప్పి పుట్టేదాకా ఆయన దాన్ని దించలేదు.

సభ అయ్యాక బడి వరండాలో భోజనాలు పెట్టారు. పులిహోర, వంకాయ కూర, మజ్జిగ. జనం కబుర్లు చెప్పుకుంటూ బంతికి కూర్చున్నారు. శేషాద్రి గేటు దగ్గర కాసేపు తటపటాయించాడు. ఓడిపోతే పోయింది, ఈ ఒక్క పూటన్నా, అనుకున్నాడు. వెళ్ళి మౌలాలీకీ దేవమ్మకూ మధ్య నేల మీద చతికిలబడ్డాడు.

“కూర బాగుందా, మౌలాలీ?” అని అడిగాడు.

మౌలాలీ నోట్లో ముద్ద నోట్లోనే ఉండగా లేచాడు. దేవమ్మ లేచింది. ఆ తర్వాత బంతి మొత్తం లేచి గోడవారకు జరిగింది. ఆయన ఒక్కడే, చుట్టూ సగం తిన్న విస్తళ్ళ మధ్య, తలొంచుకుని కూర్చుండిపోయాడు.

పుల్లారావు గబగబా వచ్చి, నాలుగడుగుల దూరంలోనే ఆగాడు.

“రాజావారూ, తమరి విస్తరి లోపల వేయించాం” అన్నాడు.