గింజలొచ్చేదాకా

శనివారం ఉదయం ఏడింటికి ఫ్రిజ్‌లో జామపండు లేదు.

కోడలు కింది అర లాగి చూసింది. పండుకి తొడిగిన వల సంచి ఉంది. దానికి కట్టిన ఎర్ర దారం ఉంది. పండు లేదు.

"ఎవరు తిన్నారు?"

అత్తగారు పొయ్యి మీద పాలు కలుపుతూనే ఉన్నారు. పళ్ళు తోముకుంటున్న భర్త, నేను కాదన్నట్టు బ్రష్ ఊపాడు. మామగారు పేపరు దించలేదు.

"నేనే," అన్నారు పేపరు వెనక నుంచి. "మీ అత్తయ్యకి షుగరని ఇంట్లో పండన్నది కనపడనివ్వవు కదమ్మా. నా నోరు చచ్చిపోయింది."

"లోపల ఎర్రగా ఉందా, తెల్లగా ఉందా మామయ్యగారూ?"

"చీకట్లో తిన్నాను. ఏం కనపడుతుంది?"

"గింజలేం చేశారు?"

"జామపండులో గింజలు ఏరుకుంటూ కూర్చుంటారా ఎవరైనా? మింగేశాను."

కోడలు కుర్చీలో కూలబడింది. ఆమె ఉద్యోగం పండ్లతోటల పరిశోధన కేంద్రంలో.

"అది కొన్న పండు కాదండీ. మొగ్గ విచ్చుకోకముందే కేసరాలు కత్తిరించి, వేరే రకం చెట్టు పుప్పొడి కుంచెతో అద్ది, కాగితం సంచి కట్టాను. చెట్టు చెట్టుకీ అలాగే కట్టాను. అన్నీ రాలిపోయి ఒక్కటి కాయగా నిలిచింది. సోమవారం దాని గింజలు మా డైరెక్టరు చేతిలో పెట్టకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. తోటలో ఉంచితే ఉడతలు తినేస్తాయని ఇంటికి తెచ్చుకున్నాను."

"ఉడతలే నయం," అన్నాడు భర్త నోట్లో నురగతో. "అయినా మింగిన గింజలు ఎక్కడికి పోతాయి?"

కోడలు తల ఎత్తింది.

"ఎక్కడికీ పోవు," అంది. "చెట్టు పండుని తియ్యగా చేసేదే ఎవరో ఒకరు తిని గింజల్ని ఇంకో చోట వదలాలని. జామగింజ గట్టిది, అరగదు. చిలక తిన్నా, మనిషి తిన్నా ఒకటే."

పేపరు దిగింది. "అంటే?"

"అంటే, మీరు బేసిన్ వాడాలి మామయ్యగారూ."

మామగారు భార్య వైపు చూశారు. ఆవిడ పాల వైపు చూశారు.

"ముప్పయ్యేళ్ళు స్టేషన్ మాస్టరుగా చేశానమ్మాయ్! నాకో మర్యాద ఉంది."

"మరింకేం నాన్నా," అన్నాడు కొడుకు. "బండి కోసం ఎదురుచూడటం నీకు కొత్తా?"

ఆ రోజు మామగారిని గడప దాటనివ్వలేదు. వేణ్ణీళ్ళు తాగించారు. అరటిపళ్ళు తెప్పించి తినిపించారు. కోడలు గింజలు వడకట్టడానికి వంటింట్లోంచి టీ జల్లెడ తెచ్చి, బాత్‌రూము తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎవరికి అవసరం వచ్చినా ఆమెని దాటుకునే వెళ్ళాలి.

"బండి ఎంతవరకు వచ్చింది నాన్నా?"

"నోర్మూసుకో. సిగ్నల్ ఇవ్వలేదు."

అత్తగారు రోజంతటికీ ఒక్క మాటే అన్నారు: "ఆ టీ జల్లెడ మళ్ళీ నా వంటింట్లోకి రాకూడదు."

ఆదివారం పొద్దున బండి వచ్చింది. కొడుకు చేతులకి తొడుగులు వేసుకుని, ముక్కుకి రుమాలు కట్టుకుని నీళ్ళు పోశాడు. కోడలు జల్లెడ దీపం కింద పెట్టి చూసింది. గింజ లేదు. మధ్యాహ్నం ఇంకో బండి వచ్చింది. అందులోనూ లేదు.

"ఒక్కటి కూడా లేకపోవడమేమిటండీ?"

"అరిగిపోయి ఉంటాయమ్మా," అన్నారు మామగారు కిటికీలోంచి చూస్తూ.

"అరగవు మామయ్యగారూ! చెప్పాను కదా."

కోడలు జల్లెడ పక్కన పెట్టి, చేతులు కడుక్కుని ఫోను తీసింది. కళ్ళు తుడుచుకుంది. "మా డైరెక్టరుకి చెప్పేస్తాను. ఎవరికి ఇచ్చుకుంటారో ఇచ్చుకోమంటాను."

"ఆగమ్మాయ్, రేపటిదాకా చూద్దాం. నేను మళ్ళీ..." అన్నారు మామగారు.

"మీరింక ఊరుకోండి," అన్నారు అత్తగారు వంటింట్లోంచి.

పొయ్యి ఆపిన చప్పుడయింది. ఆవిడ వచ్చి, కోడలి చేతిలో ఫోను తీసి బల్ల మీద పెట్టి, బేసిన్ పట్టుకుని బాత్‌రూములోకి వెళ్ళి గడియ వేసుకున్నారు.